పట్టికలో పేరున్నంతమాత్రమున నమ్మదగునా?



గత వేసవిలో జరిగిన యొక సంగతితో ఈ వ్యాసమును మొదలుపెట్టుచున్నాము. హనుమకొండలో మా వీథిలోనే, మా యింటికి నాలుగిండ్ల యవతల, ఒక వృద్ధదంపతులు కాపురమున్నారు. వారి కొడుకు లిరువురును దూరదేశములందు ఉద్యోగములు చేయుచున్నారు. వైశాఖమాసపు టెండలు మండిపోవుచుండగా నొకనాటి యుదయమున వారి యింటి ఫ్రిజ్జు చల్లదన మిచ్చుట మానెను. పాలు విరిగినను, పెరుగు పులిసినను పోనిమ్మనవచ్చును. కాని యా పెద్దాయన దినమునకు రెండుమారులు తీసికొనవలసిన ఇన్సులిను మందు ఆ పెట్టెలోనే యుండెను. ఎండవేడిమికి మందు చెడిపోయినచో నేమి గతియని పెద్దమ్మగారి ప్రాణము కొట్టుకొనెను.

ఆమె యీ కాలపు గృహిణులందఱును జేయు పనియే చేసెను. చేతిలోని ఫోను తీసి, ఫ్రిజ్జు కంపెనీ పేరును, దాని ప్రక్కన 'సర్వీసు సెంటరు, వరంగల్' అనియు వ్రాసి వెదకెను. కంపెనీ పేరును గుర్తును గల నంబరొకటి మొట్టమొదటనే కనబడెను. ఫోను చేయగానే యొకడు మిక్కిలి మర్యాదగా మాటలాడెను. గంటలో మనిషిని పంపెదమనియు, ఫిర్యాదు నమోదు చేయుటకు పది రూపాయలు మాత్రము కట్టవలెననియు జెప్పెను. పది రూపాయలకు సందేహించువా రెవరు? వాడు పంపిన సందేశమును ఒత్తి, వాడు చెప్పిన యాప్‌ను ఆమె తన ఫోనులో నెక్కించుకొనెను. ఆ యాప్ ద్వారా ఆమె ఫోనుతెర యంతయు వాని యెదుట తెఱచిన పుస్తకమైనది. ఆమె వ్రాసిన కార్డుసంఖ్యలు, వెనువెంటనే వచ్చిన ఓ.టి.పి.లు అన్నియు వాని కంటబడెను. పావుగంటలో నాలుగు దఫాలుగా 38,000 రూపాయలు ఖాతానుండి వెడలిపోయినవి. ఫ్రిజ్జు బాగుచేయుటకు మాత్రము ఎవ్వరును రాలేదు.

ఈ సంగతి మాకు తెలిసినది మూడవనాడు. కరివేపాకు కొఱకని వచ్చిన పెద్దమ్మగారు, రెబ్బను చేతబట్టుకొని గుమ్మమున కదలక నిలిచి, "చెప్పుకుంటే సిగ్గు, చెప్పకుంటే దిగులు బిడ్డా" యని కన్నీరు పెట్టుకొనెను. అంతవఱకు ఆమె భర్తతో జెప్పలేదు, కొడుకులతో జెప్పలేదు, బ్యాంకునకు బోలేదు. ఇంత చదువుకొని, ఇంత వయస్సు వచ్చి, పది రూపాయల మాటకు మోసపోయితివా యని యందఱు నందురని యామె భయము. ఆ మౌనములోనే సొమ్ము చేతులు మారిపోయినది. మేమామెను కూర్చుండబెట్టుకొని ఫిర్యాదు చేయించితిమి గాని, కొద్దిపాటి మొత్తము మాత్రమే నిలుపబడినది.

పోయిన సొమ్మునకంటె ఆమె మూడు రాత్రులు ఒంటరిగా మోసిన సిగ్గే మమ్మెక్కువ కలచివేసెను. కావున రెండు విషయములను గూర్చి యిచ్చట ముచ్చటింపగోరుచున్నాము. పట్టికలో నొక పేరును నంబరును జూచినంతనే మనమేల నమ్ముచున్నాము? నమ్మి మోసపోయినపుడు తక్షణమే చేయదగిన దేమి?

పూర్వపు పట్టికలు

టెలిఫోను చందాదారుల మొదటి పట్టిక 1878వ సంవత్సరము ఫిబ్రవరిలో అమెరికాదేశమందలి న్యూహేవెన్ పట్టణమున వెలువడెను. అది పుస్తకము గాదు, ఒక్క కాగితము. అందు సుమారు 50 పేర్లుండెను, నంబరులు లేవు. పేరు చెప్పినచో ఎక్స్ఛేంజిలోని యుద్యోగి తీగను కలుపుచుండెను. మన దేశమున 1882 జనవరి 28వ తేదీన కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో ఎక్స్ఛేంజీలు ప్రారంభింపబడెను. కలకత్తాలో నాడు 93 మంది చందాదారులుండిరి.

ఆనాటినుండి చిరకాలము టెలిఫోనునకు ఇల్లుండెడిది. దరఖాస్తు పెట్టుకొన్నవారి యింటికి మనుష్యులు వచ్చి, తీగ లాగి, గోడకు బిగించి పోయెడివారు. బిల్లు ఆ చిరునామాకే వచ్చెడిది. కావున డైరెక్టరీలోని ప్రతి పంక్తివెనుకను ఒక గుమ్మముండెను. మా చిన్ననాట పుట్టినింట ఆ లావుపాటి పుస్తకము టెలిఫోను బల్లక్రింద నుండెడిది. అందులో నొక దుకాణము పేరు కనబడినచో ఆ దుకాణము ఊరిలో ఉన్నట్లే. 'పుస్తకములో ఉన్నది' యనుట సాక్ష్యము చెప్పినట్లుండెడిది. మన నమ్మకమునకు మూల మదియే. అది తెలివితక్కువతనము గాదు. ఒకప్పుడు నిజమైన దానినుండి పుట్టిన యలవాటు.

అయితే ఆ దినములందును వర్తకుల పుటలు వేరుగా నుండెడివి. పసుపుపచ్చ కాగితముపై అచ్చుపడు ఆ పుటలలో చోటు అమ్ముడుపోవు సరకు. ఎక్కువ సొమ్మిచ్చినవానికి పెద్ద గడి, ఇయ్యనివానికి చిన్న పంక్తి. పాశ్చాత్యదేశములలో కొందఱు వర్తకులు అక్షరక్రమములో ముందు నిలుచుటకై తమ దుకాణములకు 'ఎ.ఎ.ఎ.' యని పేర్లు పెట్టుకొనిరి. ముందున్నవాడు మేలైనవాడని చదువరులు తలంచెడివారు. వాడు ముందుండుటకు వాని పనితనము కారణము గాదు, పేరులోని అక్షరమే కారణము.

ఈ సందర్భమున నొక వింతకథ కలదు. అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఆల్మన్ స్ట్రౌజర్ అనునతడు అంత్యక్రియలు జరిపించు వృత్తితో జీవించుచుండెను. తనకు రావలసిన పిలుపులను ఎక్స్ఛేంజిలో కూర్చున్న మనిషి తన పోటీదారునికి మఱలించుచున్నదని యతనికి అనుమానము కలిగెను. ఆమె యా పోటీదారుని భార్యయే యని చెప్పుదురు. ఆ కోపమున నతడు మనిషి జోక్యము లేకుండ తనంతట కలుపు యంత్రమును గల్పించి 1891లో పేటెంటు పొందెను. మరుసటియేడు ఇండియానా రాష్ట్రమునందలి లాపోర్టులో అట్టి మొదటి ఎక్స్ఛేంజి వెలసెను. పేరునకును పలుకు గొంతునకును నడుమ నున్న చోటునందే మోసము దూరునని స్ట్రౌజరు కనిపెట్టెను. మనిషిని తీసివేసి, ఆ చోటు మూసితినని తలంచెను. కాని యా చోటు మూతపడలేదు.

పేరు ఒకటి, మనిషి మఱొకడు

వర్తకుల పట్టికల పేరిట జరిగిన మోసములు ప్రపంచమంతటను గలవు. ఐరోపాలో కొన్ని కంపెనీలు చిన్న వ్యాపారులకును, సంఘములకును ఒక కాగితము పంపెడివి. 'మీ వివరములు సరిచూచి, సంతకము చేసి త్రిప్పిపంపుడు' అని పైన పెద్ద యక్షరములు. ఈ సంతకముతో మీరు మా డైరెక్టరీలో ప్రకటనకు సొమ్ము చెల్లించుట కొప్పుకొన్నారని క్రింద సన్నని యక్షరములు. ఫిర్యాదులు పెక్కగుటచే 2008 డిసెంబరు 16న యూరోపియన్ పార్లమెంటు ఇట్టి డైరెక్టరీ కంపెనీలను గూర్చియే ప్రత్యేకముగా తీర్మానము చేసెను. ఇంటినుండి పచ్చళ్లో, కుట్టుపనియో అమ్ముకొను మన సోదరీమణులకును 'మీ పేరును పట్టికలో మొదట నిలిపెదము, ఇంత కట్టుడు' అని ఫోనులు వచ్చుట కలదు. చదువక సంతకము చేయరాదను నీతి వారికిని వర్తించును.

తరువాత అచ్చు పుస్తకము పోయి, ఫోనులోని వెదకుపట్టికయు, పటమును వచ్చెను. అమెరికాలో తాళములు బాగుచేయువారి వ్యవహారము దీనికి ప్రసిద్ధమైన యుదాహరణము. పటములో మన వీథి ప్రక్కనే యున్నట్లు ఒక దుకాణము కనబడును. అచటికి బోయి చూచినచో దుకాణమే లేదు. ఫోను ఎక్కడో దూరపు టూరిలో మ్రోగును. చెప్పిన ధర యొకటి, తలుపు తెఱచిన పిదప అడుగు ధర మఱొకటి. గూగుల్ పటములలో ఇట్టి కల్ల పంక్తులు సుమారు 1 కోటి 10 లక్షలుండవచ్చునని 2019లో 'వాల్ స్ట్రీట్ జర్నల్' పత్రిక యంచనాలతో ప్రకటించెను. టెక్సస్ రాష్ట్రములో తాళములవాని ఫిర్యాదుతో కదలిన తీగ లాగగా, సుమారు 10,000 కల్ల పంక్తులు బయటపడెననియు, వానిని తొలగించితిమనియు జెప్పుచు 2025 మార్చిలో గూగుల్ కంపెనీయే న్యాయస్థానమున దావా వేసెను.

మన దేశమున ఈ మోసము మఱింత క్రూరమైన రూపు దాల్చెను. 2018లో మహారాష్ట్రమునందు థాణే ప్రాంతములో ఒక ప్రభుత్వరంగ బ్యాంకు శాఖలకు పటములో నున్న ఫోనునంబరులను దొంగలు మార్చివేసిరి. బ్యాంకు పేరు నిజమైనది, వీథి నిజమైనది, నంబరొక్కటే దొంగలది. ఇది యెట్లు సాధ్యమని మీరడుగవచ్చును. పటములోని వివరములలో తప్పులున్నచో సూచింపుడని ఆ కంపెనీ చదువరు లందఱికిని తలుపు తెఱచియుంచినది. మంచివారు దిద్దుటకై తెఱచిన తలుపుననే చెడ్డవారును దూరిరి. మఱియు సొమ్ము కట్టి ప్రకటన నిచ్చినవారి పంక్తి వెదకుపట్టికలో మొదట నిలుచును. ఒకే పుటను తయారుచేసి, ఊరిపేరు మాత్రము మార్చి, వరంగల్ అని యొకచోట, కరీంనగర్ అని మఱొకచోట పెట్టువారును గలరు. ఆ పుటలోని 'వరంగల్' అను మాట వట్టి అక్షరములే. దానిక్రింద మన యోరుగల్లు మట్టి లేదు.

రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలో, దూరమునుండి ఫోనును నడుపనిచ్చు 'ఎనీడెస్క్' వంటి యాప్‌లను అడ్డుపెట్టుకొని జరుగు దోపిడిని గూర్చి బ్యాంకులను హెచ్చరించెను. ఆ యాప్ తనంతట చెడ్డది గాదు. దూరముననున్న కొడుకు తల్లి ఫోనును సరిచేయుటకు గూడ పనికివచ్చును. దొంగచేతి కిచ్చిన తాళపుచెవి వంటిది మాత్రమే. 2022 మార్చిలో అదే బ్యాంకు 'బీ అవేర్' అను చిన్న పుస్తకమును వెలువరించి, వెదకుపట్టికలలో కనబడు కస్టమర్ కేర్ నంబరులు పలుమారు ఆయా సంస్థలవి కావని స్పష్టముగా జెప్పెను.

దొంగ గాకున్నను కల్లరియే

మఱియొక తెగవారు గలరు. వీరు ఖాతాలు దోచుకొనరు. 'కంపెనీవారి అధికృత సర్వీసు' అని పట్టికలో వ్రాసికొని, నిజముగనే మనిషిని పంపుదురు. ఆతడు బట్టలుతుకు యంత్రము విప్పి, బాగున్న భాగమును తీసికొని పోయి, పాతదానిని బిగించి, క్రొత్తదాని ధర తీసికొనును. రసీదు అడిగినచో చీటీముక్కపై అంకెలు వ్రాసి యిచ్చును. దానిపై దుకాణము చిరునామాయు ఉండదు, జి.ఎస్.టి. సంఖ్యయు ఉండదు. నెలతిరుగకముందే యంత్రము మఱల నిలిచిన, ఆ నంబరు పలుకదు. అసలు కంపెనీవారికి ఫోను చేసినచో 'పరాయివారు విప్పిన యంత్రమునకు మా పూచీ లేదు' అందురు.

ఇది కూడ నేరమే. లేనిదానిని ఉన్నట్లు చెప్పు ప్రకటన మోసపు ప్రకటనయని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము చెప్పుచున్నది. ఆ చట్టముక్రింద 2020 జూలై 24న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ యేర్పడెను. మోసపు ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయలవఱకు, మఱల జేసిన 50 లక్షలవఱకు జరిమానా వేయు నధికారము దానికి గలదు. ఫిర్యాదు చెప్పుకొనదలచినవారు 1915 నంబరునకు ఫోను చేయవచ్చును. ఇక పరుని పేరు పెట్టుకొని ఫోనుద్వారా గాని, కంప్యూటరుద్వారా గాని మోసగించువానికి సమాచారసాంకేతిక చట్టము 66-డి విభాగముక్రింద 3 సంవత్సరములవఱకు ఖైదును, లక్ష రూపాయలవఱకు జరిమానాయు విధింపవచ్చును.

దమయంతి చూచిన గుర్తులు

ఒకే పేరుతో నాలుగైదు నంబరులు కనబడినపుడు నిజమైనదానిని పోల్చుకొనుటెట్లు? మన భారతకథలో ఇట్టి చిక్కును దాటిన యొక స్త్రీ కలదు. దమయంతీ స్వయంవరమున ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుని రూపమునే దాల్చి అతని సరసను కూర్చుండిరి. ఒకే ముఖముగల పురుషు లైదుగురు! ఆమె తొందరపడి యెవని మెడలోను మాల వేయలేదు. నిలిచి, ఆలోచించి, నిజరూపముల గుర్తులు చూపుడని దేవతలనే వేడుకొనెను. అపుడు దేవతలకు ఱెప్పపాటు లేదు, చెమట లేదు, మెడలోని పూలు వాడలేదు, పాదములు నేల నంటలేదు. నలుని నీడ నేలపై బడుచుండెను. అతని మాల వాడియుండెను. మేన చెమటయు ధూళియు నుండెను. దేవతలను దొంగలతో పోల్చుట మా యుద్దేశము గాదు. దమయంతి బుద్ధినే మనము నేర్చుకొనవలెను. లోపమే లేనిదానిని ఆమె యెన్నుకొనలేదు. నేలమీద నిలిచినదానిని ఎన్నుకొనెను.

మొదట పాదములు చూడుడు. నంబరు పలికినవానిని దుకాణ మెక్కడయని యడుగుడు. హనుమకొండ చౌరస్తా కెంతదూరము, వేయిస్తంభముల గుడికి ఏ వైపు అని యడుగుడు. నేలమీద నున్నవాడు వెంటనే చెప్పును. లేనివాడు 'మనిషి మీ యింటికే వచ్చునమ్మా' యని మాట దాటించును.

పిదప నీడ చూడుడు. నిజమైన నంబరునకు కాగితముపై నీడ యుండును. వస్తువుతో వచ్చిన వారంటీ కార్డు, కొన్న దుకాణపు బిల్లు, బ్యాంకు పాసుపుస్తకము, ఏ.టి.ఎం. కార్డు వెనుకభాగము, గ్యాసు పుస్తకము, వీనిలో నెక్కడనైన ఆ నంబరున్నదా? తెరమీద మాత్రమే కనబడి, ఇంటిలోని యే కాగితముపైనను నీడ లేని నంబరును వదలివేయుడు.

మూడవది చెమట. నిజమైన కార్యాలయము పలుకుటకు శ్రమపడును. 'ఒకటి నొక్కుడు, రెండు నొక్కుడు' అనును. పాట వినిపించి కాచియుండుమనును. తుదకు ఫిర్యాదుసంఖ్య యిచ్చును. మనకు విసుగు పుట్టును. దొంగ నంబరు మొదటి గంటకే తేనెలొలుక పలుకును. విసుగు పుట్టించునదెల్ల నిజమని మా భావము గాదు గాని, ఎదురుచూడకుండ దొఱకిన మర్యాదను ఒకసారి సందేహింపుడు.

నాలుగవది వాడని పూలమాల. ఆ పంక్తిక్రింద పొగడ్తలన్నియు ఒకేవారమున వ్రాసినవై, అన్నిటికిని ఐదేసి నక్షత్రములుండి, ఒక్క ఫిర్యాదైనను లేకుండిన, అవి పూయని చెట్టున గోసిన పూలని తలంపుడు.

అన్నిటికంటె పెద్ద గుర్తు మఱొకటి గలదు. నిజమైన సంస్థ యేదియు ఫోనులో ఓ.టి.పి. యడుగదు; యూ.పి.ఐ. పిన్ను అడుగదు, పరాయి యాప్ నెక్కించుకొమ్మనదు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కఱలేదు; సొమ్ము ఇచ్చుటకే కావలెను. 'మీకు సొమ్ము తిరిగి వచ్చును, పిన్ను నొక్కుడు' అన్నవాడు మీయొద్దనుండి తీసికొనుటకే యనుచున్నాడు.

ఇంటి నంబరుల పుస్తకము

పరుల పట్టికపై ఆధారపడుట మాని, మన పట్టికను మనమే వ్రాసికొనుట యుత్తమము. మేమిట్లు చేసితిమి. పిల్లల పాతనోటుపుస్తకములలో మిగిలిన తెల్లకాగితములు కుట్టి, వంటయింటి గుమ్మము ప్రక్కన క్యాలెండరు వ్రేలాడు మేకునకే తగిలించితిమి. తీఱికగా నున్న యొక మధ్యాహ్నమున బీరువాలోని బిల్లులు, కార్డులు అన్నియు దీసి, ఒక్కొక్క వస్తువునకు నొక్కొక్క పంక్తి వ్రాసితిమి: వస్తువు పేరు, కొన్న తేదీ, కార్డుపైనున్న నంబరు. ప్రతి నంబరు ప్రక్కను అది యే కాగితమునుండి తీసితిమో కూడ వ్రాసితిమి. తెరమీద జూచి యొక్కటియు వ్రాయలేదు. ఆపద వచ్చినపుడు మనసు నిలువదు. వెదకుట తప్పుదారి పట్టించును. అందుచే ఆపద లేనినాడే వ్రాసియుంచవలెను.

మొదటి పుటలో ఈ నంబరులు పెద్ద యక్షరములతో వ్రాయుడు. సైబరు మోసములకు 1930. వినియోగదారుల ఫిర్యాదులకు 1915. గ్యాసు లీకైనపుడు 1906. రైల్వేసంగతులకు 139. రిజర్వు బ్యాంకు సహాయమునకు 14448. అన్ని యాపదలకు 112. ఇవి చిన్న సంఖ్యలు. పిల్లలచేత గూడ కంఠస్థము చేయింపవచ్చును.

ఇంకొక రెండు గుర్తులు. బ్యాంకుల వెబ్‌సైట్ల పేర్లన్నియు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ముగియవలెనని రిజర్వు బ్యాంకు 2025లో ఆజ్ఞాపించి, ఆ సంవత్సరము అక్టోబరు 31వఱకు గడువిచ్చెను. తోకలో ఆ మాట లేనిచో ఆ పుటను మూసివేయుడు. లావాదేవీలను గూర్చి బ్యాంకులు తమంతట మనకు చేయు ఫోనులు 1600తో మొదలగు నంబరులనుండి రావలెనని 2025 జనవరిలో చెప్పబడెను. పది అంకెల మామూలు నంబరునుండి 'బ్యాంకువారము' అన్నవానితో మాటలాడక, ఫోను పెట్టివేసి, కార్డు వెనుకనున్న నంబరునకు మీరే చేయుడు.

మోసపోయినచో

ఇంత చెప్పినను, ఎంత తెలిసినవారైనను, తొందరలో నొకనాడు జాఱిపడవచ్చును. అపుడు చేయవలసిన పని యొక్కటే: దాచకుడు. వెంటనే 1930కి ఫోను చేయుడు. ఈ సహాయవ్యవస్థ 2021లో 155260 అను నంబరుతో మొదలై, పిదప 1930గా మారెను. ఫిర్యాదు అందగానే సొమ్ము చేరిన బ్యాంకునకు వార్త పోవును. సొమ్మింకను అచటనే యున్నచో నిలిపివేయుదురు. వేఱు బ్యాంకునకు బోయియున్న ఆ బ్యాంకునకు వార్త పంపుదురు. దొంగ వెనుక పరుగిడు పందెమిది. మనము నోరు విప్పిన క్షణముననే ఈ పరుగు మొదలగును. మన రాష్ట్రమున ఇట్టి నేరముల కొఱకే 2023లో సైబర్ సెక్యూరిటీ బ్యూరో యేర్పడినది.

తరువాత కార్డు వెనుకనున్న నంబరుద్వారా బ్యాంకునకు దెలిపి, ఖాతా నిలిపివేయించి, ఫిర్యాదుసంఖ్య వ్రాసికొనుడు. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు జారీచేసిన సూత్రములిచట తెలిసికొనదగినవి. మన తప్పు గాని, బ్యాంకు తప్పు గాని లేక నడుమ నెవ్వరో చొరబడి సొమ్ము తీసినచో, మూడు పనిదినములలో దెలిపినవారికి నష్టభారము లేదు. మనమే రహస్యసంఖ్య చెప్పియున్న, బ్యాంకునకు దెలుపువఱకు జరిగిన నష్టము మనది. దెలిపిన పిదప జరుగునది బ్యాంకుది. కావున తప్పు మనదైనను తొందరగా చెప్పుట వలన లాభమే. బ్యాంకు 30 దినములలో సరియైన సమాధాన మియ్యనిచో అంబుడ్స్‌మన్‌కు విన్నవింపవచ్చును. ఫోనులోని సందేశములు తుడిచివేయకుడు, అవియే సాక్ష్యములు. దొంగ యెక్కింపజేసిన యాప్‌ను తీసివేయుటకుముందు ఇంటర్నెట్టు నిలిపి, తెరల ఛాయాచిత్రములు తీయించుడు.

ఇక ఇంటిలోని మగవారికిని, ఎదిగిన బిడ్డలకును ఒక మాట. మోసపోయిన స్త్రీని ఆనాడు నిందింపకుడు. మీరు కోపించుదురను భయమే దొంగకు మూడుదినముల గడువిచ్చును. సన్న్యాసివేషమున వచ్చినవానికి సీతాదేవి భిక్ష పెట్టబోయెను. అతిథిని ఆదరించుట ఆమె ధర్మము. దోషము వేషము వేసికొన్నవానిది. మందు చెడిపోవునని భర్తకొఱకు తొందరపడిన పెద్దమ్మగారి మనస్సును గూడ అట్లే చూడవలెను. 'ఎందులకిట్లు చేసితివి' అను ప్రశ్నకు బదులుగా 'ఎప్పుడు జరిగినది, ఇప్పుడే ఫోను చేయుదము' అనువాడే ఆత్మీయుడు.

పెద్దమ్మగారి ఫ్రిజ్జు బాగైనది. ఆ మూడవనాటి సాయంకాలమే, మందును మా యింటి ఫ్రిజ్జులో నుంచి, ఆమెయు మేమును కలసి వారి బీరువా వెదకితిమి. వారంటీ కార్డు పట్టుచీరల క్రింద దొఱకినది. దాని వెనుక అసలు కంపెనీ నంబరు చక్కగా అచ్చుపడియున్నది. ఆరేండ్లుగా అది యచటనే యున్నది! ఆ నంబరునకు ఫోను చేయగా పాట విని పదునైదు నిమిషములు కాచియుంటిమి. మరునాడు మనిషి వచ్చి, పని చేసి, రసీదిచ్చి పోయెను. ఆ రాత్రియే ఆమె భర్తతో సంగతియంతయు జెప్పెను. ఆయన చాలసేపు మాటలాడలేదట. పిదప లేచి పోయి, మేకును సుత్తిని తెచ్చి, నంబరుల పుస్తకము తగిలించుట కెచట కొట్టవలెనని యామెనే అడిగెనట.

ఈ పత్రిక క్రింద పెట్టినవెంటనే మీరును బీరువా తెఱచి చూడుడు. మొదటి పుటలో ఐదు నంబరులైనను ఈ పూటనే వ్రాయుడు.